మూడు పూటల రోడ్డు: వీధి వ్యాపారుల జోన్ ప్రాజెక్టు డైరీ

జూన్ 9, సోమవారం

పట్టణ ప్రణాళికలో డిగ్రీ చేతికి వచ్చి ఏడాది తిరగకముందే, నా పేరు మీద రాసిన మొదటి పని ఇవాళ మొదలైంది. కోస్తా ఆంధ్రలోని ఒక మధ్యతరహా మున్సిపాలిటీకి సలహాలిచ్చే సంస్థలో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. ఆర్టీసీ బస్టాండు గేటు దగ్గర మొదలై, ప్రభుత్వాసుపత్రి ముందు నుంచి సాగి, రైతుబజారు దగ్గర ముగిసే నలభై అడుగుల రోడ్డు మీద వీధి వ్యాపారులకు ఎక్కడ, ఎంత చోటు ఇవ్వవచ్చో తేల్చి, మూడు నెలల్లో టౌన్ వెండింగ్ కమిటీ ముందు పటం పెట్టాలి. రోడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉంది, పొడవు ఆరువందల మీటర్లకు కాస్త అటూఇటూ. రెండు పక్కలా దుకాణాలున్నాయి. వాటి మెట్లకూ తారు అంచుకూ మధ్య మిగిలిన జాగాలోనే తోపుడు బళ్లు, గంపలు, ఆటోలు, నడిచే మనుషులు సర్దుకుంటున్నారు.

ఫైలులో నా బాధ్యతను 'ప్రజా భాగస్వామ్యం' అన్న రెండు మాటల్లో రాశారు. ఈ మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. హైదరాబాదులో 1967లోనే పట్టణ సముదాయాభివృద్ధి పథకం బస్తీలలోకి వెళ్లింది. 74వ రాజ్యాంగ సవరణ వచ్చాక, మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలన్న నియమమూ వచ్చింది. వీధి వ్యాపారుల విషయంలో 2014 నాటి చట్టం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది: కమిషనర్ అధ్యక్షతన ఉండే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి, వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు మహిళలుండాలి, సర్వే పూర్తయి వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ కదిలించకూడదు. ఈ చివరి నియమం కింద పెన్సిలుతో గీత గీసుకున్నాను. కాలేజీలో ఇదంతా చదివినదే కాబట్టి పని సులువుగానే సాగుతుందన్న ధీమాతో ఇంటికి వచ్చాను.

జూన్ 20, శుక్రవారం

ఐదు రోజుల సర్వే ముగిసింది. ఇద్దరు వార్డు ప్లానింగ్ సెక్రటరీలు, ఇద్దరు ఇంటర్న్ పిల్లలు, నేను కలిసి రోజూ పదింటి నుంచి ఐదింటి దాకా రోడ్డు మీద ఉన్నాం. ఫోనులో ఫారం నింపడం, బండి ఉన్న చోటును పటం మీద గుర్తించడం, మనిషికీ బండికీ కలిపి ఒక ఫొటో తీయడం మా పని. మొత్తం 74 మంది లెక్కకు వచ్చారు.

ఫొటో దగ్గరే ఇబ్బంది అయింది. జామకాయల బండి ఆవిడ మా ఇంటర్న్ ఫోను ఎత్తగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, "పోయినసారి ఫొటో తీసిన వాళ్లే నాలుగో రోజున లారీ తెచ్చి బండెత్తుకుపోయారు బాబూ" అంది. ఆ 'పోయినసారి' ఎప్పుడో, వచ్చినవాళ్లు ఏ శాఖ వాళ్లో ఆవిడకూ తెలియదు. చట్టంలోని నియమం నేను వివరించబోతే ఆవిడ వినిపించుకోలేదు. జామకాయలు తుడుచుకుంటూ, కొనేవాళ్లకు అడ్డం లేవమన్నట్టు నా వైపు చూసింది. అలా ముఖం చాటేసిన వాళ్ల దగ్గర ఫొటో లేకుండానే ఫారం ముగించమన్నాను.

సాయంత్రం ఆఫీసులో ఆరడుగులకు నాలుగడుగుల చొప్పున గళ్లు గీస్తే, ఆ రోడ్డు మీద 64 చోట్లు తేలాయి. ఉన్నది 74 మంది కనుక పది మందికి రైతుబజారు వెనక సందులో సర్దితే చాలునని నోట్సులో రాశాను. పటం చూడముచ్చటగా వచ్చింది. రంగులు కూడా వేశాను.

జూన్ 25, బుధవారం

ఇవాళ పదకొండు గంటలకు వార్డు సచివాలయంలో సభ పెట్టాం. ప్లాస్టిక్ కుర్చీలు నలభై వేయించాం, ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాం. దుకాణదారుల సంఘం నుంచి పదిహేను మంది, ఆటో యూనియన్ వాళ్లు నలుగురు, కౌన్సిలర్ గారి మనుషులు కొందరు ముందు వరుసల్లో కూర్చున్నారు. వీధి వ్యాపారులు ఐదుగురే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఎంత పిలిచినా కుర్చీల్లోకి రాలేదు. అందులో ఇద్దరు పావుగంట తరవాత బండి దగ్గర ఎవరూ లేరని చెప్పి వెళ్లిపోయారు.

దుకాణదారులు మాత్రం దంచి మాట్లాడారు. బళ్ల వల్ల తమ ముందు భాగం మూసుకుపోతోందని, బండి పెట్టుకునేవాడు పన్ను కట్టడని, రోడ్డంతా ఖాళీ చేయిస్తే పట్టణానికే అందమని చెప్పారు. నేను ప్రొజెక్టరు మీద పటం చూపించి, గుమ్మం దగ్గరున్న పండ్ల బండి ఆయన్ని అభిప్రాయం అడిగాను. ఆయన చేతులు కట్టుకుని, "మీరెట్టా చెపితే అట్టాగేనండి" అన్నాడు.

మినిట్స్ రాయవలసింది నేనే. 'హాజరైన వీధి వ్యాపారులు ప్రతిపాదనకు అంగీకారం తెలిపారు' అని రాసి, సంతకాల కాగితం జత చేశాను. రాస్తున్నప్పుడే ఆ వాక్యం నాకు సరిపడలేదు. అయినా ఫైలు ఆగిపోతుందన్న భయంతో దాన్ని అలాగే ఉంచాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైలులో ఉంది.

సభ అయ్యాక కుర్చీలు సర్దుతుంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్ అక్క నా పక్కకు వచ్చింది. 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు రుణాలిచ్చే స్వనిధి పథకం వచ్చినప్పుడు ఈ రోడ్డు మీద చాలామందికి తొలి విడత పదివేల రుణానికి కాగితాలు నింపింది ఈవిడే; అందుకని ఏ బండి ఎవరిదో, ఏ బండి మీద ఎంత అప్పుందో ఆవిడకు నోటికి వచ్చు. "మేడం, ఈ వేళకు పిలిస్తే ఎవరొస్తారు? మీరు నిజంగా చూడాలంటే ఎల్లుండి తెల్లారకట్ల నాతో రండి" అంది. శుక్రవారం నాకు కుదరక శనివారానికి మార్చుకున్నాం.

జూన్ 28, శనివారం

తెల్లవారుజామున నాలుగున్నరకు బస్టాండు గేటు దగ్గరకు చేరాను. నా పటంలో ఖాళీగా ఉన్న పడమటి పక్క దుకాణాల ముందు అప్పటికే ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. పల్లెల నుంచి లగేజీ ఆటోలు వచ్చి ఆకుకూర మూటలు దింపుతున్నాయి. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, షట్టర్ల మీద దీపాల వెలుగే ఆధారం.

ఒక పెద్దావిడ గోనెపట్టా పరిచి, దాని మీద చెంబుతో నీళ్లు చిలకరించి, తోటకూర కట్టల్ని వేళ్లు లోపలికీ ఆకులు బయటికీ వచ్చేలా గుండ్రంగా పేర్చింది. గోంగూర వేరే వరసగా పెట్టింది, చుక్కకూర తడిగుడ్డ కింద దాచింది. పుదీనా మాత్రం ఒళ్లో పెట్టుకుంది. అడిగినవాళ్లకే తీసి ఇస్తోంది. ఎందుకలా అని అడిగితే, పుదీనా కళ్లెదురుగా ఉంటే కొసరు కింద ఇమ్మంటారని చెప్పింది. గంటన్నర సేపు ఆవిడ పక్కన ఇటుక మీద కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు ఎండ ముఖాన పడగానే మిగిలిన సరుకును గంపలోకి ఎత్తి, రోడ్డు దాటి తూర్పు పక్క దుకాణాల నీడలోకి వెళ్లి మళ్లీ పరుచుకుంది. మధ్యాహ్నం ఎండ అటు తిరిగాక మళ్లీ పడమటికి వస్తుందట.

నా చేతిలోని ఫోనులో సర్వే జాబితా తెరిచి చూశాను. తూర్పు పక్క 23వ నంబరు: ఆకుకూరలు, మహిళ, వయసు అరవై. పడమటి పక్క 51వ నంబరు: ఆకుకూరలు, మహిళ, వయసు అరవై రెండు. ఒకే మనిషిని రెండు చోట్ల, రెండు పేర్లతో, రెండు వయసులతో ఎక్కించాం. ఒకసారి కోడలి ఫోను నంబరు, ఇంకోసారి పక్కావిడ నంబరు ఇచ్చింది కాబట్టి యాప్ కూడా పట్టుకోలేకపోయింది. 'నీడ' అన్న గడి మా ఫారంలోనే లేదు.

పదింబావుకు ఆవిడ పక్కనున్న ఇడ్లీ బండి కదిలిపోయింది. పెద్దావిడ తను లేచే ముందు ఆకులు, తొడిమలు ఒక సంచిలోకి ఊడ్చి, ఆ కాస్త జాగా మీద రెండు చెంబుల నీళ్లు చల్లింది. "సాయంత్రం బజ్జీలబ్బాయి పెట్టుకోవాలిగా" అంది. ఆ బజ్జీల అతను మా 74 మందిలో లేడు. నాలుగున్నరకు వస్తానని బండి కట్టుకుని బయలుదేరేవాడు మా బృందం కంటపడే అవకాశమే లేదు, ఎందుకంటే మా ఇంటర్న్ పిల్లలు నాలుగున్నరకే సర్దుకోవడం మొదలుపెడతారు.

జూలై 7, సోమవారం

వారం రోజులు మూడు పూటలా తిరిగాం. ట్రేసింగ్ కాగితాలు మూడు తీసుకుని, ఒకదాని మీద తెల్లవారుజాము నుంచి పదిన్నర దాకా, రెండో దాని మీద పదిన్నర నుంచి నాలుగు దాకా, మూడో దాని మీద నాలుగు నుంచి రాత్రి పది దాకా ఉన్నవాళ్లను గుర్తించాను. కంప్యూటర్లో చేయవలసిన పనే. కానీ ఆర్పీ అక్కకూ వ్యాపారులకూ చూపించడానికి కాగితం మీద కాగితం వేసి దీపానికి ఎదురుగా పెట్టి చూడటమే బాగా కుదిరింది.

పొద్దుటి పూట 52 మంది, మధ్యాహ్నం 41 మంది, సాయంత్రం 58 మంది. రెండు పూటలా ఉండేవాళ్లు 33 మంది. రెండుసార్లు లెక్కపెట్టిన వాళ్లను తీసేస్తే, ఈ రోడ్డు మీద బతుకుతున్నది 118 మంది. మా పాత లెక్కలోని 74లో తొమ్మిది పేర్లు దొంగలెక్క, అసలువి 65. అంటే 53 మంది మాకు కనిపించనే లేదు. నా రంగుల పటమే ఆమోదం పొంది ఉంటే వాళ్లంతా కాగితం మీద లేని మనుషులై, రేపు గుర్తింపు పత్రాలు పంచేటప్పుడు ఆక్రమణదారులుగా తేలేవారు. తప్పు ఎవరిదీ కాదు, పది నుంచి ఐదు అన్న ఆఫీసు వేళను సర్వే వేళగా ఎంచుకున్న నాదే.

ఇక్కడ ఇంకో సంగతి కూడా తేలింది. ఏ పూట చూసినా రోడ్డు మీద ఉన్నవాళ్లు 58కి మించడం లేదు. మనిషికొక చోటు అనుకుంటే 64 చోట్లకు 118 మంది, అంటే 54 మంది రోడ్డున పడతారు. చోటును పూటల వారీగా పంచితే అందరూ పడతారు. పెద్దావిడా బజ్జీలతనూ ఎవరూ చెప్పకుండానే ఈ ఏర్పాటు చేసుకున్నారు.

జూలై 15, మంగళవారం

సభలు మానేశాను. రెండున్నర నుంచి మూడున్నర దాకా ఈ రోడ్డు మీద బేరాలు పలుచబడతాయి కాబట్టి, ఆ గంటలో ఆసుపత్రి గోడ పక్క వేపచెట్టు కింద కూర్చుంటున్నాను. నాలుగు రోజులుగా రోజుకు ఆరేడుగురు వస్తున్నారు. మొదటి రోజున 'మేడం' అన్నవాళ్లే ఇవాళ 'అమ్మాయీ' అంటున్నారు. మజ్జిగ ఖర్చు నాది, వేయించిన శనగలు వాళ్లవి.

నేను అడుగుతున్నది చోటు గురించి. వాళ్లు చెబుతున్నది మరుగుదొడ్డి గురించి. తెల్లారకట్ల వచ్చి పన్నెండు దాకా ఉండే ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగరట, తాగితే వెళ్లడానికి చోటు లేదని. బస్టాండులోని మరుగుదొడ్డికి ప్రతిసారీ డబ్బు కట్టాలి, పైగా గంపను ఎవరికో అప్పగించి వెళ్లాలి. ఈ ముక్క నాకు కాకుండా మా బృందంలోని మగ ఉద్యోగికి చెప్పి ఉండేవారా అన్నది అనుమానమే. మగవాళ్లు ఎక్కువగా చెప్పింది రాత్రిపూట బండి పెట్టుకునే జాగా గురించి, దీపాల గురించి.

ఆశీలు, అంటే వీధి వ్యాపారుల దగ్గర వసూలు చేసే మార్కెట్టు రుసుము సంగతి కూడా వచ్చింది. పెద్దావిడ పాలిథిన్ కవరులో రబ్బరుబ్యాండు వేసి దాచుకున్న ఆశీలు చీటీల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కొన్నిటి మీద సిరా పూర్తిగా వెలిసిపోయింది, కొన్నిటి మీద తేదీలు చదవగలిగేలా ఉన్నాయి. ఆవిడ దృష్టిలో అది ఇంటి పట్టాతో సమానం. ఎవరు ఎంతకాలంగా ఈ రోడ్డు మీద ఉన్నారన్నది తేల్చడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు మరొకటి దొరకలేదు. మరుసటి రోజు నుంచి అందరి చీటీలూ ఫొటో తీయించడం మొదలుపెట్టాను. ఈ ఫొటోలకు ఎవరూ ముఖం చాటేయలేదు.

మరో విషయం విన్నాను కానీ పేర్లతో రాయలేను. వార్డు సభలో బళ్లు తీసేయాలని గొంతెత్తిన వారిలో కొందరు, తమ దుకాణం ముందు బండి పెట్టుకున్నందుకు రోజుకింతని అద్దె, బల్బుకు కరెంటు ఇచ్చినందుకు ఇంకొంత వసూలు చేస్తున్నారు. దీన్ని నివేదికలో పెడతానంటే పండ్ల బండి ఆయన కంగారుపడ్డాడు: "రాయకమ్మా, రాస్తే రేపు ఆ జాగా కూడా ఉండదు." చివరకు 'కొన్ని చోట్ల ప్రైవేటు వసూళ్లు ఉన్నట్టు తెలిసింది' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఆ వాక్యం ఎవరినీ ఇబ్బంది పెట్టదు, ఎవరికీ ఉపయోగపడదు కూడా. కానీ నాకు నమ్మి చెప్పిన మాటను వాళ్లకు ముప్పుగా మార్చే హక్కు నాకు లేదు.

జూలై 20, ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం దుకాణాలు మూసి ఉంటాయి కనుక, కాగితం మీది గళ్లను రోడ్డు మీద అసలు కొలతలతో గీసి చూద్దామని అనుకున్నాం. సున్నం తెప్పిస్తానంటే ఆర్పీ అక్క నవ్వి, ఇంటి నుంచి రెండు శేర్ల ముగ్గుపిండి తెచ్చింది. టేపు నేను పట్టుకున్నాను; గీతలు ఆడవాళ్లు వేశారు. నేను సుద్దముక్కతో గీసినవి వంకర పోతే, వాళ్లు వేళ్ల సందులోంచి పిండి వదిలి బారుగా లాగిన గీతలు దారం కట్టినట్టు వచ్చాయి.

ఆరడుగులు, నాలుగడుగులు కొలిచి గడి గీయగానే బజ్జీల అతను బండి తోసుకొచ్చి అందులో నిలిపాడు. బండి సరిగ్గా పట్టింది. అతను గడి బయట నిలబడి, "మరి నేనెక్కడుండాలి?" అన్నాడు. పక్కనే ఉన్న జామకాయలావిడ ఇంకో ప్రశ్న వేసింది: "కొనేవోళ్లెక్కడ నిలబడతారమ్మా?" నేను గీసిన గళ్లలో అమ్మేవాడికీ కొనేవాడికీ చోటు లేదు, సరుకుకు మాత్రమే ఉంది. కొనేవాళ్లు నిలబడవలసిన జాగా మీదుగానే మోటారు సైకిళ్లు పోతున్నాయి.

గడి వెనక రెండడుగులు, ముందు రెండున్నర అడుగులు చేర్చాం. నడిచేవాళ్లకు ఉండాల్సిన వెడల్పును ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు వ్యాపార ప్రాంతంలో రెండున్నర మీటర్లుగా చెబుతాయి. మా రోడ్డు మీద అన్ని చోట్లా అది కుదరలేదు. కుదరని చోట 1.8 మీటర్ల దగ్గర ఆగి, అంతకన్నా తగ్గే చోట గళ్లు తీసేశాం. ఎండ గొడుగు పరిచితే ఎనిమిదడుగులు వస్తుంది కాబట్టి గొడుగు గొడుగుకు తగలకుండా కొన్నిటిని జరపవలసి వచ్చింది. చివరకు 64 చోట్లు 58 అయ్యాయి, సాయంత్రం లెక్కకు సరిగ్గా సరిపోయేన్ని. ఇది కాకతాళీయమే, నా తెలివి ఏమీ లేదు.

ఐదింటికి వాన వచ్చి ముగ్గంతా కొట్టుకుపోయింది. కొలతలన్నీ అప్పటికే పుస్తకంలో ఎక్కించుకున్నాం.

ఆగస్టు 8, శుక్రవారం

ఇవాళ వరలక్ష్మీ వ్రతం. ఆరింటికే రోడ్డు నిండిపోయింది. చేమంతులు, కనకాంబరాలు, మల్లెలు మూరల లెక్కన అమ్మేవాళ్లు, తమలపాకులవాళ్లు, మామిడాకులు, అరటి పిలకలు పెట్టుకున్నవాళ్లు కలిసి నా మూడు కాగితాల్లో ఎక్కడా లేని ముప్పై ఎనిమిది మందిని లెక్కపెట్టాను. ఆషాఢంలో చేసిన సర్వేలో పూలవాళ్లు కనబడతారనుకోవడం నా అమాయకత్వం. అడిగితే, శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా, కార్తీక మాసం వాళ్ల పని రోజులనీ, మిగతా రోజుల్లో చేలల్లో కూలికి పోతారనీ చెప్పారు.

వీళ్లకు శాశ్వత గడి అక్కర్లేదు, ఉన్నా వాడుకోరు. ఆసుపత్రి గోడ పొడుగునా, గేటుకు దూరంగా, గంపలవాళ్లకు మాత్రమే పండగ రోజుల్లో అనుమతించే చోటుగా ఒక పట్టీని పటంలో కలిపాను. అంటే నాలుగో కాగితం తయారయింది.

ఆగస్టు 14, గురువారం

టౌన్ వెండింగ్ కమిటీ సమావేశం రెండున్నర గంటలు సాగింది. కమిటీలో ఇంతమంది వ్యాపారులెందుకన్న మాట ఈసారి ఎవరూ ఎత్తలేదు కానీ, ఇంత చిన్న రోడ్డుకు 118 మంది ఏమిటన్న ప్రశ్న ముందుగా వచ్చింది. జోన్లు పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటివ్వాలని చట్టం చెబుతున్నదని కమిషనర్ గారే చెప్పడంతో ఆ చర్చ అక్కడే ఆగింది. రద్దీగా ఉందన్న ఒక్క కారణంతో ఒక చోటునో, ఏళ్ల తరబడి నడుస్తున్న సహజ మార్కెట్టునో నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించడానికి చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆ భాగాన్ని నేను ముందే తెలుగులో టైపు చేయించి, వ్యాపార సభ్యులందరికీ ఒక్కో కాగితం ఇచ్చాను. వాళ్లలో ఒకావిడ ఆ కాగితాన్ని మడతలు విప్పి బల్ల మీద చేత్తో సాపు చేసుకుని, వేలు పెట్టి చదువుతూ మాట్లాడింది. వార్డు సభలో గుమ్మం దగ్గర నిలబడి వెళ్లిపోయిన ఇద్దరిలో ఆవిడ ఒకరు.

అసలు చిక్కు పూటల దగ్గర వచ్చింది. ధ్రువపత్రం నమూనాలో చోటుకు గడి ఉంది, వేళకు లేదు. పదిన్నరకు లేవాల్సినవాళ్లు లేవకపోతే ఎవరు లేపుతారు, రోజూ పోలీసును పంపమంటారా అని ఒక అధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు బాగాలేదు. పెద్దావిడ సభ్యురాలు కాకపోయినా ఆహ్వానితురాలిగా వచ్చింది, ఆవిడే లేచి, "ఇన్నాళ్లూ ఎవరు లేపారండీ?" అంది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. కాలాన్ని పంచుకుని అమ్ముకునే పద్ధతికి చట్టంలోనే చోటుందని నేను గుర్తుచేశాక, ఆరు నెలలు పరీక్షగా అమలు చేసి చూడాలని, వేళను పత్రం మీద చేత్తో రాసి సంతకం పెట్టాలని నిర్ణయించారు.

ఆసుపత్రి గేటుకు రెండు పక్కలా పది మీటర్లు ఖాళీగా ఉంచాలన్న ప్రతిపాదన నాదే. సర్వే రోజుల్లో ఒక సాయంత్రం ఆరూ నలభైకి అంబులెన్సు ఆ గేటు దగ్గర ఆగిపోయి, బళ్లు పక్కకు జరిగేదాకా హారను కొడుతూ నిలబడటం నేను కళ్లారా చూశాను. దాన్ని ఆమోదించారు. దాంతో మూడు గళ్లు పోయాయి; సాయంత్రానికి 58 మంది, 55 చోట్లు.

ఆగస్టు 23, శనివారం

నిర్ణయాలను వెళ్లి చెప్పడం కూడా నా పనేనని ఎవరూ రాసివ్వలేదు. నోటీసు బోర్డు మీద అంటిస్తే సరిపోతుందన్నారు. కానీ వేపచెట్టు కింద మజ్జిగ తాగినవాళ్లకు నోటీసు బోర్డు చూపించి తప్పుకోలేక, ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లి ఏది ఒప్పుకున్నారో, ఏది లేదో చెబుతున్నాను.

మరుగుదొడ్డి మీద వచ్చిన జవాబు, రైతుబజారు ఆవరణలో ఉన్నదాన్ని తెల్లవారుజామున నాలుగింటి నుంచే తెరవాలని. కొత్తది కట్టడానికి నిధులు లేవన్నారు. ఆడవాళ్లకు ఇది సగం సంతోషం, ఎందుకంటే బస్టాండు చివర కూర్చునేవాళ్లకు అది దూరమే. రాత్రి బళ్లు పెట్టుకునే జాగా సంగతి తేలలేదని చెబితే, ఒకతను ముఖం మీదే "మరి మూణ్ణెల్లు ఏం రాసుకున్నారండీ?" అన్నాడు. జవాబు చెప్పలేదు, రాసుకున్నది చూపించాను. ఆయన పేజీ తిప్పి, తన మాట అందులో ఉందో లేదో చూసుకుని, పుస్తకం ఇచ్చేశాడు.

గేటు దగ్గర చోటు పోయిన ముగ్గురిలో ఇద్దరు రైతుబజారు చివర ఖాళీగా ఉన్న దుకాణం ముందుకు వెళ్లడానికి ఒప్పుకున్నారు. కొబ్బరిబొండాల బాబాయ్ మాత్రం ససేమిరా అన్నాడు. ఆయన బేరమంతా ఆసుపత్రిలో ఉన్న రోగుల బంధువులతోనే. "అరవై మీటర్ల అవతలికి బొండాం కోసం ఎవడొస్తాడు తల్లీ? సెలైన్ ఎక్కుతుంటే పరిగెత్తుకొచ్చి ఎదురుగా కనబడ్డోడి దగ్గరే కొంటారు" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. అంబులెన్సు ఆగిపోవడం కూడా అబద్ధం కాదు. గేటు ఎదురుగా, రోడ్డు అవతల ఉన్న ఒక గడిని సాయంత్రం ఖాళీ చేయించగలిగితే కుదరవచ్చు. దాని సాయంత్రపు హక్కుదారు ఫోను కవర్లు అమ్మే కుర్రాడు. అతనితో ఇంకా మాట్లాడలేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

పసుపు రంగుతో 55 గళ్లూ గీశారు. కాంట్రాక్టరు మనుషులు పగటిపూట రంగు వేస్తామంటే, ఆర్పీ అక్కా నేనూ ఒప్పుకోక, రాత్రి పదకొండు తరవాత వేయించాం. రెండు చోట్ల గీత డ్రైనేజీ మూత మీదుగా పోయింది. శుభ్రం చేసేవాళ్లు మూత తీసిన ప్రతిసారీ గడి విరుగుతుంది. ఇది నాకు ముందే తట్టవలసింది.

ధ్రువపత్రాలు 96 సిద్ధమయ్యాయి. మిగిలినవాటిలో కొన్ని ఆధార్ వివరాలు కలవక, కొన్ని సంతకాలు పడక ఆగాయి. పత్రం మీద 'వేళ' అన్న మాట, దాని ఎదురుగా గంటలు నీలం సిరాతో నేనే రాస్తున్నాను. పెద్దావిడ పత్రం మీద తూర్పు, పడమర రెండు గళ్ల నంబర్లూ రాయవలసి వచ్చింది. ఒకే పత్రంలో రెండు చోట్లెలా వేస్తామని సెక్షన్‌లో అభ్యంతరం పెడితే, నీడ సంగతి మొదటి నుంచి వివరించి, కమిషనర్ గారితో పొట్టి సంతకం చేయించుకుని తెచ్చాను.

బజ్జీల అతనికి తన పత్రంలోని వేళ నచ్చలేదు. నాలుగున్నరకు మొదలైతే నూనె కాగేసరికి ఐదు దాటుతుందని, నాలుగుకే కావాలని అడుగుతున్నాడు. ఆ అరగంట మధ్యాహ్నం పూట చెప్పులు కుట్టే ఆయనది. ఇద్దరితో కలిపి మాట్లాడాలి. ఫోను కవర్ల కుర్రాడు వారానికి మూడు సాయంత్రాలు బాబాయ్‌కి చోటు వదలడానికి ఒప్పుకున్నాడు, ఆదివారాలు మాత్రం కుదరదన్నాడు. బాబాయ్ ఇంకా ఏమీ చెప్పలేదు. రేపు నాలుగున్నరకు పొద్దుటి పూటవాళ్ల పత్రాలు 41 ఇవ్వాలి, రెండున్నరకు వేపచెట్టు దగ్గర చెప్పులాయన్నీ బజ్జీలతన్నీ కూర్చోబెట్టాలి, సాయంత్రం బాబాయ్ దగ్గరకు వెళ్లాలి.